క్యాంపస్, క్యాంపు, కాంపౌండు: ఈ మూడూ ఒకే మాటలా?

ప్రశ్న
పంపినవారు: కావలి తెలుగు అధ్యాపకుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను కావలిలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తున్నాను. మా కళాశాల వార్షిక సంచికలో ప్రతి ఏడాదీ ఏదో ఒక మాట పుట్టుపూర్వోత్తరాల మీద వ్యాసం వేయడం ఆనవాయితీ. ఈసారి 'క్యాంపస్' అనే మాటను తీసుకుందామని విద్యార్థులే పట్టుబట్టారు. రోజూ నోట నానే మాటే అయినా, అర్థం చెప్పమంటే తరగతిలో తలా ఒక రకంగా చెప్పారు. విశ్వవిద్యాలయానికి చెందిన స్థలమంతా క్యాంపస్ అని కొందరు, గోడ లోపల ఉన్నదంతా క్యాంపస్ అని మరికొందరు, హాస్టలు ఉంటేనే ఆ పేరు చెల్లుతుందని ఒక అమ్మాయి వాదించారు. కంపెనీలు వచ్చి ఉద్యోగాలు ఇచ్చే చోటు క్యాంపస్ అని చివరి బెంచీ నుంచి ఒక కుర్రవాడు అనగానే తరగతి అంతా నవ్వింది. అయితే 'మీ వాడికి క్యాంపస్‌లో వచ్చిందా?' అని ఎవరైనా అడిగితే అది ఉద్యోగం గురించేనని పల్లెటూళ్లలో కూడా అర్థమవుతున్న రోజులివి కనుక, ఆ మాటను అంత తేలికగా తోసిపుచ్చలేము.

నాకు ముఖ్యంగా తెలియవలసినవి ఇవి. ఈ మాట మొదట ఏ భాషలో, ఏ అర్థంలో ఉండేది? అది చదువుకునే చోటికి ఎలా అంటుకుంది? మనం 'కలెక్టరు గారు క్యాంపులో ఉన్నారు' అని అంటాము, 'కాంపౌండు గోడ' అని అంటాము. ఆ క్యాంపుకూ ఈ కాంపౌండుకూ క్యాంపస్‌తో చుట్టరికం ఏమైనా ఉందా, లేక చెవికి ఒకేలా వినబడడమేనా? చివరగా, తెలుగులో దీనిని ప్రాంగణం అనాలా, ఆవరణ అనాలా? పత్రికల్లో రెండూ కనబడుతున్నాయి గానీ, ఒకదాని బదులు మరొకటి వాడితే అర్థంలో ఏమీ తేడా రాదా అన్నది నా సందేహం.

జవాబు
పంపినవారు: ఒంగోలు విశ్రాంత చరిత్రోపన్యాసకుడు

అధ్యాపకుల వారికి నమస్కారం. క్యాంపస్ లాటిన్ మాట. ఆ భాషలో 'కాంపుస్' అంటే చదునుగా ఉన్న బయలు నేల. పంట పండే పొలాన్నీ ఆ మాటతోనే పిలిచేవారు, సైన్యాలు తలపడే మైదానాన్నీ ఆ మాటతోనే పిలిచేవారు. చదువుతో దానికి ఏ సంబంధమూ లేదు.

రోము నగరవాసులకు కాంపుస్ అనగానే తలపుకు వచ్చేది కాంపుస్ మార్టియుస్, అంటే యుద్ధదేవుడైన మార్స్ పేరిట వదిలిన మైదానం. టైబర్ నది వంపుకూ పాత నగరపు గోడకూ నడుమ ఉన్న ఆ పల్లపు నేల ఒకప్పుడు రాజుల సొంత భూమి అనీ, క్రీ.పూ. 509లో రాజులను వెళ్లగొట్టిన తరువాత దానిని మార్స్‌కు అర్పించారనీ రోమన్ల ఐతిహ్యం. నగరపు పవిత్రమైన పొలిమేర లోపలికి సైన్యం ఆయుధాలతో రాకూడదన్న కట్టుబాటు ఉండడం వల్ల కవాతులూ, గుర్రపు స్వారీలూ, యువకుల వ్యాయామాలూ ఆ మైదానంలోనే జరిగేవి. చెమటలు పట్టేదాకా కసరత్తు చేసి పక్కనే ఉన్న నదిలో ఈతకు దిగేవారు. ఓటర్లను సైనిక దళాల లెక్కన నిలబెట్టే పెద్ద సభ కూడా అదే కట్టుబాటు వల్ల ఊరి బయటనే జరగవలసి వచ్చేది కనుక, కాన్సుల్ అనే అత్యున్నత పాలక పదవులకు ఎన్నికలు కూడా అక్కడే జరిగాయి. తరువాతి కాలంలో ఆ నేల నిండా కట్టడాలు లేచాయి. ఇప్పుడు యాత్రికులు చూసి వచ్చే పాంథియాన్ అనే ప్రాచీన దేవాలయం నిలిచి ఉన్నది ఆ మైదానం మీదనే.

చదువుకునే చోటికి ఈ మాటను తగిలించినది అమెరికా. ఇంగ్లాండులోని పాత విశ్వవిద్యాలయాలకు ఈ మాట అక్కరలేకపోయింది. ఆక్స్‌ఫర్డులో భవనాల నడుమ ఉన్న చతురస్రపు ఖాళీ స్థలాన్ని క్వాడ్ అంటారు, కేంబ్రిడ్జిలో కోర్టు అంటారు. అమెరికాలో మొదట పుట్టిన కళాశాలలు తమ నేలను యార్డ్ అన్నాయి. హార్వర్డులో నేటికీ హార్వర్డ్ యార్డ్ అనే వ్యవహరిస్తారు. యార్డ్ అంటే మన భాషలో దొడ్డి. ఆ కళాశాల మొదట వెలసిన వీధిలో పక్కన ఉన్నవన్నీ పశువుల దొడ్లే కనుక ఆ పేరు రావడంలో వింత ఏమీ లేదు.

క్యాంపస్ అనే మాట కళాశాల నేలకు పేరుగా రాతలో కనబడేది 1774 జనవరి నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ విద్యార్థిది. ఆ సంస్థే 1896లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. బ్రిటిషు వారి తేయాకు పన్నుకు నిరసనగా అమెరికావారు బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోసింది 1773 డిసెంబరులో. ఆ వార్త చేరగానే ఈ న్యూజెర్సీ కళాశాల విద్యార్థులు కూడా తమ దేశభక్తిని చాటుకోవాలని, కళాశాల భోజనశాలకు చలికాలం కోసం నిల్వ చేసిన తేయాకునంతా తెచ్చి 'క్యాంపస్'లో మంట పెట్టి తగలబెట్టారు. ఆ సంగతిని ఒక విద్యార్థి ఉత్తరంలో రాశాడు. ఆ మాటకు వివరణ ఏమీ ఇవ్వకుండా రాశాడంటే, అప్పటికే అక్కడ అది వాడుకలో ఉన్నదని అనుకోవాలి. 1768లో స్కాట్లాండు నుంచి వచ్చి ఆ కళాశాలకు అధ్యక్షుడైన జాన్ విథర్‌స్పూన్ ఈ పేరు పెట్టాడని చాలామంది చెబుతారు. లాటిన్‌లో పండితుడు, మత బోధకుడు, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకడు. కళాశాల ప్రధాన భవనం అప్పట్లో చదునైన విశాలమైన మైదానంలో ఒంటరిగా నిలిచి ఉండేది కనుక, పండితుడికి దానిని చూడగానే దొడ్డి కాక కాంపుస్ స్ఫురించి ఉంటుంది.

ఒక విషయం మీ వ్యాసంలో తప్పక ఉండాలని నా కోరిక. ఆ రోజుల్లో క్యాంపస్ అంటే భవనాల ముందూ వెనుకా ఉన్న ఖాళీ నేల మాత్రమే. భవనాలు అందులోకి రావు. భవనాలతో సహా మొత్తం సంస్థ అంతటికీ ఆ పేరు వర్తించడం తరువాతి పరిణామం. అమెరికాలో కూడా అందరూ ఈ మాటకు లొంగలేదు. థామస్ జెఫర్సన్ పూనికతో 1819లో ఏర్పడిన వర్జీనియా విశ్వవిద్యాలయంలో క్యాంపస్ అనరు, 'గ్రౌండ్స్' అనే అంటారు.

ఇక క్యాంపు సంగతి. అది నిశ్చయంగా క్యాంపస్‌కు తోబుట్టువే. లాటిన్ కాంపుస్ ఇటలీలో కాంపో అయింది, సైన్యం గుడారాలు వేసిన మైదానం అనే అర్థంతో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి క్యాంపుగా వచ్చింది. మైదానంలో దిగి పోరాడేవాడు ఛాంపియన్ అయ్యాడు. వేసవి రాగానే సైన్యాలు శిబిరాలు విడిచి మైదానానికి కదలడం క్యాంపెయిన్ అయింది. నేడు ఎన్నికలకు వాడుతున్నాము. కలెక్టరు క్యాంపు కూడా ఇదే. దొరలు గుర్రం మీద తాలూకాలు తిరిగి, తోపుల్లో డేరాలు వేయించి జమాబందీ జరిపిన కాలంలో ఈ మాట మన కచేరీలలో స్థిరపడింది. డేరాలు పోయి అతిథిగృహాలు వచ్చినా, ఉత్తరం పైభాగాన కుడివైపు 'క్యాంపు: కనిగిరి' అని రాయడం పోలేదు. మనకు మాత్రం క్యాంపులో ఉండడం అంటే ఆఫీసులో లేకపోవడం అనే అర్థం స్థిరపడింది, అది మన సొంత సంపాదన.

జవాబు
పంపినవారు: నెల్లూరు న్యాయవాది

చరిత్రోపన్యాసకుల వారు గ్రౌండ్స్ అని రాయగానే మా ఊరు గుర్తుకు వచ్చింది. నెల్లూరులో వీఆర్సీ గ్రౌండ్స్ అంటే తెలియనివారు ఉండరు. వెంకటగిరి రాజా కళాశాల పేరు పూర్తిగా చెప్పలేనివారు కూడా సభ ఎక్కడ అంటే వీఆర్సీ గ్రౌండ్స్‌లో అని చెబుతారు. ఆ లెక్కన వర్జీనియా వారి పద్ధతే మాదీ.

కాంపౌండు గురించి మాత్రం ఆయన ఏమీ రాయలేదు. అది కూడా ఈ కుటుంబంలోనిదే అని నా అభిప్రాయం. ఆధునిక కాలంలో మన తీరాలకు ఓడలలో వచ్చిన తొలి ఐరోపావారు పోర్చుగీసు వారు. వారి భాషలో మైదానానికి కాంపో అనే పేరు. కాంపో నుంచి కాంపౌండు రావడానికి ఎంత దూరం? మేస్త్రీ, అలమారా వంటి మాటలను మనకు ఇచ్చినవారు ఇది కూడా ఇచ్చి ఉండరా?

జవాబు
పంపినవారు: ఒంగోలు ఉపాధ్యాయిని

న్యాయవాది గారి ఊహ కొత్తది కాదు, పాతదే. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి భారతదేశపు ఇంగ్లీషు మాటల మీద కూర్చిన 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువులో ఈ కాంపౌండు మీద సుదీర్ఘమైన చర్చ ఉంది. పోర్చుగీసు నుంచి వచ్చిందన్న వాదాన్ని వారు పరిశీలించి, మలయా భాషలోని 'కంపుంగ్' వైపే మొగ్గు చూపారు. నేటి ఇంగ్లీషు నిఘంటువులలో ఎక్కువ భాగం కూడా ఆ మాటనే మూలంగా చూపుతున్నాయి.

కంపుంగ్ అంటే మలయా వారికి పల్లె, పేట, కంచె వేసిన ఇళ్ల గుంపు. మలక్కా, బటావియా (నేటి జకార్తా) వంటి రేవు పట్టణాలలో ఒక్కొక్క జాతి వర్తకులకు ఒక్కొక్క కంపుంగ్ ఉండేది. అక్కడ వ్యాపారం చేసిన ఐరోపావారు ఈ మాటను నేర్చి, ఇల్లూ గిడ్డంగీ కలిపి చుట్టూ గోడ కట్టిన స్థలానికి వాడడం మొదలుపెట్టారు, ఆ తరువాత ఇండియాకు తెచ్చారు. ఇంగ్లీషులో అప్పటికే వేరే అర్థంతో ఉన్న కాంపౌండు అనే మాటకు దగ్గరగా వినబడడంతో వర్ణక్రమం కూడా ఆ రూపానికే సర్దుకుంది. మన పులికాట్ సరస్సు దక్షిణపు ఒడ్డున డచ్చివారు 1613లో కోట కట్టుకొని, కోరమాండల్ బట్టలను జావాకూ మలక్కాకూ ఓడలలో పంపిన సంగతి ఇక్కడివారికి తెలిసినదే. తూర్పు దీవులకూ ఈ తీరానికీ ఆ రోజుల్లో రాకపోకలు అంత దగ్గరగా ఉండేవి.

అర్థం వైపు నుంచి చూసినా ఈ రెండూ ఒకటి కాలేవని నాకు తోస్తుంది. క్యాంపస్‌లో ముఖ్యం బయలు. కాంపౌండులో ముఖ్యం గోడ. నేను పుట్టి పెరిగినది ఒంగోలులో మిషన్ కాంపౌండుకు ఆనుకొని ఉన్న వీధిలో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరుకు వచ్చారు, 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. చర్చి, బడి, దొరల బంగళా, వంటవారి ఇళ్లు అన్నీ ఒకే గోడ లోపల ఉండే ఆ ఏర్పాటును జనం మిషన్ కాంపౌండు అన్నారు. మా నాయనమ్మ 'కాంపోను' అనేది. లోపల ఎంత ఖాళీ ఉందన్నది కాదు, గేటు దాటితే లోపలివారమా బయటివారమా అన్నదే అక్కడ లెక్క.

ఇంకొక చిక్కును కూడా విప్పి చెప్పాలి. ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చే కాంపౌండరుకు ఈ కాంపౌండుతో సంబంధం లేదు. కలిపి ఉంచడం అనే అర్థమున్న వేరొక లాటిన్ క్రియ నుంచి వచ్చినవాడు ఆయన. చక్రవడ్డీని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వినబడే కాంపౌండు కూడా ఆయన బంధువే. కాబట్టి తెలుగులో చెవికి దగ్గరగా వినబడే ఈ మాటలకు మూడు వేరు వేరు పుట్టిళ్లు ఉన్నాయి. క్యాంపు, క్యాంపస్ ఒక ఇంటివి. కాంపౌండు గోడ తూర్పు సముద్రం మీదుగా వచ్చినది. కాంపౌండరు మందుల అంగడి నుంచి వచ్చినవాడు.

ప్రశ్నించినవారి స్పందన
పంపినవారు: కావలి తెలుగు అధ్యాపకుడు

అందరికీ కృతజ్ఞతలు. గోడ ఒకటి, బయలు ఒకటి అన్న తేడా నాకు చాలా ఉపయోగపడింది. అయితే అదే తేడా నా చివరి ప్రశ్నను మరింత జటిలం చేసింది. ప్రాంగణం, ఆవరణ అనే రెండింటిలో బయలును చెప్పేది ఏది, గోడను చెప్పేది ఏది? హిందీలో పరిసర్ అంటున్నారు, ఇక్కడి నుంచి చెన్నై వెళ్లి చదువుకునే పిల్లలు అక్కడి బోర్డుల మీద వళాగం అని చూస్తున్నారు. ఒక్కొక్క భాష ఒక్కొక్క దారి పట్టినప్పుడు మన దారి ఏదో తేల్చి చెప్పగలవారు ఉన్నారా?

జవాబు
పంపినవారు: కందుకూరు నిఘంటు పాఠకుడు

మీరు అడిగిన రెండు మాటల లోపలనే సమాధానం ఉంది. ఆవరణ అంటే చుట్టుకొని ఉండడం, కప్పడం. గాలి భూమిని చుట్టుకొని ఉంది కనుక వాతావరణం అయింది. శ్రీచక్రంలో ఒకదాని లోపల ఒకటిగా ఉండే తొమ్మిది అంతరువులను నవావరణలు అంటారు. వేదాంతులు చెప్పే ఆవరణశక్తి వస్తువును కనబడకుండా కప్పే శక్తి. కాబట్టి ఆవరణ అనగానే చుట్టూ ఒక హద్దు ఉండాలి. అది కాంపౌండుకు సరిగ్గా సరిపోయే తెలుగు మాట. తమిళుల వళాగం కూడా చుట్టూ హద్దు ఉన్న చోటు అన్న భావంతోనే వచ్చినది.

ప్రాంగణం అలా కాదు. అంగణం అంటే ఇంటి ముందు తెరిపిగా ఉండే నేల, దానికి ప్ర అనే ఉపసర్గ చేరింది. అచ్చతెలుగులో ముంగిలి. చుట్టూ ఏముందన్నది కాదు, నడుమ తెరిపి ఉందన్నది దాని అర్థం. కనుక క్యాంపస్‌కు ప్రాంగణమే తగినదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఇంతకన్నా బలమైన కారణం ఒకటి ఉంది. కాంపుస్ నుంచి క్యాంపస్ వచ్చినట్టే ఛాంపియన్ కూడా వచ్చాడని పై జవాబులో చదివాము. అంగణం కూడా సరిగ్గా ఆ రెండు దారులూ తొక్కింది. ఒకవైపు ప్రాంగణం అయింది, మరొకవైపు రణాంగణం అయింది, సమరాంగణం అయింది. 1514లో మన ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించి పట్టుకున్న శ్రీకృష్ణదేవరాయలకు సాహితీ సమరాంగణ సార్వభౌముడని బిరుదు. యుద్ధానికీ చదువుకూ ఒకే నేల అన్న సంగతి ఆ బిరుదులోనే ఉంది. దేశి పదాలలో కూడా ఈ పోకడ కనబడుతుంది. వడ్లు నూర్చే కళ్లానికీ, మన కవులు యుద్ధభూమికి వాడిన కలనుకూ ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు ఒకే మూలం చూపుతారు; తమిళంలో కళం అంటే నూర్చే చోటు, పోర్‌క్కళం అంటే యుద్ధభూమి. భారత యుద్ధపర్వాలు చదివినవారికి కలను అనే మాట కొత్త కాదు. గోమయంతో అలికి, ఎండబెట్టి, గట్టిపరచి, ఒక్క గరికపోచ కూడా లేకుండా సిద్ధం చేసిన కళ్లాన్ని పెన్న పక్కన ఊళ్లలో చూసినవారికి, మనిషికి చదును చేసిన నేల దొరికితే దానిమీద ఎన్ని పనులు పెట్టుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

అచ్చతెలుగు కావాలని పట్టుబట్టేవారు బయలు అనవచ్చు గదా అంటారు. లాటిన్ కాంపుస్‌కు అచ్చంగా సరిపోయే మాట నిజానికి అదే. తమిళంలో వయల్ అంటే వరిమడి, కన్నడంలో బయలు అంటే మైదానం. మనకు బయట, బయలుదేరడం దానినుంచే వచ్చాయి. కానీ బయలుకు వెళ్లడం అంటే మన పల్లెలలో ఏమిటో అందరికీ తెలుసు. హార్వర్డు వారి యార్డును దొడ్డి అని అనువదించినా ఇదే గతి పడుతుంది. విశ్వవిద్యాలయం గుమ్మం మీద ఆ రెండు మాటలూ రాయడానికి ఏ ఉపకులపతికీ ధైర్యం చాలదు.

హిందీ పరిసర్‌ను తెలుగులోకి తెచ్చుకోవడం మాత్రం వద్దు. మన పిల్లలకు పరిసరాలు అంటే చుట్టుపక్కల ప్రదేశాలు, బడిలో చదివే పరిసరాల విజ్ఞానం. విశ్వవిద్యాలయ పరిసరాలలో అని తెలుగులో రాస్తే గేటు బయట టీ కొట్టు దగ్గర అనే అర్థం వస్తుంది.

జవాబు
పంపినవారు: విశ్వవిద్యాలయ కార్యాలయ ఉద్యోగి, నెల్లూరు జిల్లా

నిఘంటు పాఠకుల వారి వివరణ చదవడానికి చాలా బాగుంది, కానీ కార్యాలయంలో రోజూ ఈ మాటతో వ్యవహరించేవాడిగా నాకు ఒక అభ్యంతరం ఉంది. నేడు మేము క్యాంపస్ అని రాసే చోట చాలావరకు నేల ప్రసక్తే ఉండదు. క్యాంపస్ కాలేజీ అంటే విశ్వవిద్యాలయం తానే నేరుగా నడిపే కళాశాల అని అర్థం. దానికి ఎదురుగా నిలిచేది అనుబంధ కళాశాల. ఒక విద్యార్థి తాను క్యాంపస్‌లో చదివానని చెప్పినప్పుడు మైదానం గురించి మాట్లాడడం లేదు, అనుబంధ కళాశాలలో కాదు సుమా అని చెబుతున్నాడు. ప్రాంగణ కళాశాల అని రాస్తే ఈ అర్థం ఎవరికీ తట్టదు.

దీనికి మన విశ్వవిద్యాలయాల చరిత్రలో కారణం ఉంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు లండన్ నమూనాలో పరీక్షలు పెట్టి పట్టాలు ఇవ్వడమే దాని పని. చదువు చెప్పేది ఊరూరా ఉన్న కళాశాలలు. అటువంటి విశ్వవిద్యాలయానికి ఆఫీసు ఉంటే చాలు, క్యాంపస్‌తో పని లేదు. తానే చదువు కూడా చెప్పే విశ్వవిద్యాలయాలు వచ్చాకనే, అంటే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటివి ఏర్పడి సొంత విభాగాలు పెట్టుకున్నాకనే, లోపలివారు బయటివారు అన్న తేడాకు ఒక పేరు అవసరమైంది. క్యాంపస్ ఆ అవసరాన్ని తీర్చింది.

మన జిల్లాల విషయమే చూడండి. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కాకుటూరులో ఉంది, కావలిలో ఒకప్పుడు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన పీజీ కేంద్రం తరువాత దీనిలోకి వచ్చింది. ఒంగోలులో నాగార్జున విశ్వవిద్యాలయపు క్యాంపస్‌గా ఉన్నది ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం అయింది. భవనాలు ఉన్న నేల అదే, చెట్లు అవే, మారినది ఎవరి క్యాంపస్ అన్న సంగతి. అందువల్ల ఈ మాటలో ఇప్పుడు బయలు కన్నా అజమాయిషీయే ఎక్కువగా ఉందని నా అనుభవం చెబుతోంది. మూడంతస్తుల అద్దె భవనంలో, పక్క గదిలో అన్నం వండుతుండగా ఇంటర్మీడియట్ పిల్లలకు చదువు చెప్పే ప్రైవేటు సంస్థలు కూడా తమ శాఖను క్యాంపస్ అనే పిలుచుకుంటున్నాయి. అడుగు పెట్టడానికి ఖాళీ ఉండదు, పేరు మాత్రం మైదానం.

జవాబు
పంపినవారు: కందుకూరు నిఘంటు పాఠకుడు

ఉద్యోగి గారు చెప్పిన క్యాంపస్ కాలేజీ విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. అది పారిభాషిక పదం, దానిని అలాగే వాడాలి. కానీ ఆ ఒక్క కారణంతో ప్రాంగణాన్ని పక్కన పెట్టనక్కరలేదు. స్నాతకోత్సవం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగింది, ప్రాంగణంలో మొక్కలు నాటారు అని రాసే చోట నేల గురించే మాట్లాడుతున్నాము కనుక ప్రాంగణమే సరి. అనుమతి లేనిదే ఆవరణలోకి రాకూడదు అని హెచ్చరించే చోట హద్దు గురించి మాట్లాడుతున్నాము కనుక ఆవరణే సరి. ప్రవేశాలు, ఫీజులు, ఉద్యోగ ఎంపికల దగ్గర క్యాంపస్‌ను కదిలించవద్దు.

మరొక చిన్న మాట. క్యాంపు, కాంపౌండు అనేవి మన నోటికి వచ్చి ఉకారాంతాలై తెలుగు విభక్తులను చక్కగా ధరించాయి, క్యాంపస్ మాత్రం పొల్లు సకారంతోనే మిగిలింది. ముందు వచ్చిన రెండూ పల్లె నోళ్లలో నలిగాయి, ఆలస్యంగా వచ్చిన ఇది చదువుకున్నవారి నోటనే తిరిగింది. బస్సుకు దొరికిన ఉకారం దీనికి దొరకకపోవడానికి అంతకు మించి కారణం నాకు కనబడదు.

ప్రశ్నించినవారి స్పందన
పంపినవారు: కావలి తెలుగు అధ్యాపకుడు

వ్యాసానికి కావలసిన దానికంటే ఎక్కువే దొరికింది. అంగణం, కళ్లం గురించిన భాగాన్ని విద్యార్థుల చేతనే రాయిస్తాను. తరగతిలో సగం మంది రైతుబిడ్డలు, కళ్లం గురించి నాకన్నా వారికే బాగా తెలుసు. ఒక్క సందేహం మిగిలింది. లాటిన్ మాట కనుక బహువచనం కాంపి అని రాయాలని ఇంగ్లీషు విభాగం వారు అంటున్నారు. తెలుగు వ్యాసంలో ఏమి రాయమంటారు?

జవాబు
పంపినవారు: ఒంగోలు విశ్రాంత చరిత్రోపన్యాసకుడు

లాటిన్‌లో బహువచనం కాంపియే, కానీ ఇంగ్లీషువారే దానిని వదిలేసి తమ పద్ధతిలో క్యాంపసెస్ అంటున్నారు. మీరు క్యాంపస్‌లు అని రాయండి. కాంపి అని అచ్చు వేస్తే ప్రూఫులు దిద్దేవారు తప్పనుకొని కాపీ అని మారుస్తారు.